ఊపిరిలో తేమ

“పిల్ల బట్టలు సర్దావా, లేదా?” అంది వదిన, చెప్పులు కూడా విప్పకుండా.

గుమ్మంలో ఆమె గొడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. చేతిలో ఖాళీ బ్యాగు. కొత్తది. జిప్పుకి షాపువాళ్ళు కట్టిన అట్టముక్క ఇంకా వేలాడుతూనే ఉంది.

“ఏం బట్టలు వదినా?” అన్నాను.

పిచ్చుక నా భుజం మీద ఉంది. రాత్రంతా దగ్గి దగ్గి అప్పుడే కాస్త కన్నుమూసింది. నిద్రలో కూడా డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆ పేరు అత్తయ్య పెట్టింది, పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని. రెండో ఏడు నిండినా గుప్పెడంతే ఉంది.

వదిన నన్ను చూసి, హాల్లో పీట మీద కూర్చుని కూరగాయలు తరుగుతున్న అత్తయ్యని చూసింది. “తమ్ముడు చెప్పలేదా దీనికి?”

అత్తయ్య కత్తి ఆపలేదు. “చెబుతానన్నాడు. మొగుడూపెళ్ళాల మధ్య నేనెందుకు దూరడం?”

అంటే అందరికీ తెలుసు. నాకు తప్ప.

“డాక్టరు పొడిగా ఉన్న చోట పడుకోబెట్టమందటగా,” అంది వదిన. “మా ఇంట్లో ఎండ నట్టింటిదాకా వస్తుంది. పిల్ల నా దగ్గరుంటుంది కొన్నాళ్ళు. వానలు తగ్గాక చూద్దాం.”

చూద్దాం, అంది. తీసుకొస్తాను అనలేదు.

డాక్టరమ్మ చెప్పిన మాట నిజమే. నిన్న పిచ్చుక వీపు మీద గొట్టం పెట్టి విని, “మీ గోడలకి చెమ్మ ఉందా?” అని అడిగింది. ఉందన్నాను. మేం పడుకునే గదిలో మంచం పక్క గోడ నల్లగా మచ్చలు కట్టి ఉంటుంది. ఎన్నిసార్లు తుడిచినా మళ్ళీ వస్తుంది. “ఇంక ఒక్క రాత్రి కూడా ఆ గదిలో వద్దు. ఈసారి ఎగశ్వాస వస్తే ఇంట్లో చూసుకోలేరు,” అంది.

మా ఇంట్లో పొడిగది ఒకటి ఉంది. దాని తలుపు ఎప్పుడూ వేసే ఉంటుంది. లోపల తేమ లాగే మిషన్ పగలూ రాత్రీ గుయ్యిమంటూనే ఉంటుంది. గాల్లోంచి అది పిండిన నీళ్ళని రోజూ పొద్దున్నే బకెట్టుతో మోసి పారబోసేది నేనే. కానీ ఆ గది పిచ్చుకది కాదు. ఆయన కెమెరాలది.

తలుపు మూరెడు తెరుచుకుంది. ఆయన పక్కకి తిరిగి బయటికొచ్చి, వెంటనే వేసేశారు.

“వచ్చావా అక్కా,” అన్నారు. నావైపు చూడలేదు. చేతిలో చిన్న టార్చి ఉంది. ఆదివారం వస్తే ఆ టార్చితో ఒక్కో లెన్సు వెనకనుంచి వెలుగు కొట్టి, లోపల బూజు దారాలేమన్నా పట్టాయా అని చూసుకోవడం ఆయన పని. నిన్న డాక్టరమ్మ పిచ్చుక గొంతులోకి వెలుగు కొట్టి చూపిస్తుంటే మాత్రం ఫోన్ వచ్చిందని బయటికెళ్ళారు.

“ఏమండీ, పాపని పంపించేస్తున్నారా?”

“పంపించేయడమేంటి? అక్క పరాయిదా?”

“ఆ గది ఖాళీ చేయండి. అక్కడ పడుకుంటుంది. ఇంట్లో పెట్టుకుని ఊరిమీదికి పంపడమెందుకు?”

“ఖాళీ చేసి ఎక్కడ పెట్టను? ఈ హాల్లోనా? ఈ చెమ్మలోనా?”

“పోనీ ఖాళీ చేయకండి. మూలగా ఒక పరుపు వేస్తాను. దాని పాటికి అది పడుకుంటుంది.”

ఆయన నవ్వారు. కళ్ళద్దాల షాపులో పనిచేస్తారు ఆయన. చూపు సరిగ్గా ఆనని ముసలివాళ్ళతో మాట్లాడేటప్పుడు నవ్వే నవ్వు అది.

“మనిషి ఊపిరిలోనే తేమ ఉంటుంది, తెలుసా నీకు? రాత్రంతా ఆ గదిలో ఊపిరి పీల్చి వదిలితే లెన్సుల గతేంటి? పదో తరగతి గట్టెక్కనిదానివి, నీకు చెప్పి ఏం లాభం.”

అత్తయ్య కత్తి ఒక్కసారి ఆగి, మళ్ళీ టకటకలాడింది.

నేను పిచ్చుక వీపు నిమురుతున్నాను. దాని ఊపిరి నా మెడకి వెచ్చగా తగులుతోంది. నిజమే, తేమగానే ఉంది.

“సరే,” అన్నాను చివరికి. “వానలు తగ్గేదాకా ఆ సామాను వదినావాళ్ళింటికి పంపండి. అక్కడ ఎండ నట్టింటిదాకా వస్తుందటగా.”

“ఆ డొక్కు సామాను నాకెందుకమ్మా?” అంది వదిన.

“అక్కకి వాటి సంగతి తెలీదు,” అన్నారు ఆయన. “ఎక్కడో పెట్టి మర్చిపోతుంది. కింద పడేస్తుంది. ఆ చేతులకి పట్టు లేదు.”

“అద్దం ముక్కని నమ్మి ఇవ్వలేని చేతులకి పిల్లనిస్తారా?” నా గొంతు నాకే కొత్తగా ఉంది. “పిల్లని ఎత్తుకోవడం మాత్రం ఆవిడకెక్కడ తెలుసు? ఎప్పుడన్నా ఎత్తుకుంటేగా!”

మాట జారిపోయింది. పెళ్ళైన ఇన్నేళ్ళకీ వదినకి కడుపు పండలేదు. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. పండగకీ పబ్బానికీ కూడా జాగ్రత్తగా దాటేసి నడుస్తారు.

అత్తయ్య కత్తి ఈసారి మళ్ళీ మొదలవలేదు.

వదిన నెమ్మదిగా చెప్పులు విప్పింది. గోడవారగా జతగా పెట్టింది. వచ్చి కుర్చీలో కూర్చుని, ఖాళీ బ్యాగుని ఒళ్ళో పెట్టుకుని, జిప్పుకున్న ఆ అట్టముక్కని గోటితో కొంచెం కొంచెంగా చించసాగింది.

తిట్టుంటే బాగుండేది.

అప్పుడే తలుపు కొట్టారు.

పాత కెమెరాలు కొని అమ్మే షాపాయన. పొద్దున మా ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు, తన ఫోన్లోంచి నేనే చేశాను. వెనక ఇద్దరు మనుషులు. కింద చిన్న వ్యాను.

“అమ్మా, మీరు ఫోన్ చేస్తే మా ఆవిడ నమ్మలేదు,” అన్నాడు షాపాయన రుమాలుతో మొహం తుడుచుకుంటూ. “సార్ మా దగ్గర కొనడమే గానీ అమ్మడం ఎవరైనా చూశారా? దానం చేసినా చేస్తాడు గానీ అమ్మడు అని పందెం కాసింది.”

మా ఆయన మొహం పాలిపోయింది. “ఎవరు పిలిచారు ఇతన్ని?”

“నేనే,” అన్నాను. “పాప ఎక్కడికీ వెళ్ళదు. వెళ్ళాల్సినవి అవి.”

అంతమంది ముందు గొడవ పడలేక కాబోలు, తలుపు తీశారు. పెళ్ళైన కొత్తలో ఆ గదిలో ఒక బీరువా ఉండేది, దాంట్లో రెండు కెమెరాలు. ఇప్పుడు నాలుగు గోడలకీ అరలు. లెన్సులు, వాటికి మూతలు, సంచులు, మూడు కాళ్ళ స్టాండ్లు, వెలుతురు కోసం పెట్టే తెల్ల గొడుగులు, నల్ల గొడుగులు. వాటన్నిటి ఖాళీ అట్టపెట్టెలు మళ్ళీ వేరే, పైకప్పుదాకా. పెట్టెతో ఉంటేనే విలువట. ఎప్పుడూ అమ్మని మనిషికి విలువెందుకో నాకు అర్థం కాలేదు.

షాపాయన ఒక లెన్సు తీశాడు. “ఇది ఇస్తారా సార్?”

“అది కాదు. అది మళ్ళీ దొరకదు.”

“ఇది?”

“అది మొదట కొన్నది.”

“పోనీ ఈ మూడూ? మూడూ ఒకటేగా.”

“ఒకటే కాదు!” ఆయన గబుక్కున వచ్చి లాక్కున్నారు. “ఇది అంచుల దాకా పదునుగా ఉంటుంది. ఇది మధ్యలో మాత్రమే. ఇదేమో రంగు కాస్త వెచ్చన.”

“అయితే మధ్యలోది ఇచ్చేయండి.”

“రెండోదాంతో పోల్చి చూసుకోవడానికి ఒకటి ఉండాలిగా.”

షాపాయన నావైపు తిరిగాడు. “అమ్మా, టికెట్టు పెట్టండి. వచ్చేపోయేవాళ్ళు చూసి పోతారు.”

మనుషులిద్దరూ నవ్వారు. అత్తయ్య కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిచ్చుక లేచి దగ్గడం మొదలుపెట్టింది. దగ్గు ఆగదు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. ఆయన ఒకసారి ఇటు చూసి, “తలుపు దగ్గర నుంచోకు, గాలి లోపలికొస్తోంది,” అన్నారు.

అక్కడ నాలో ఏదో తెగింది.

“షాపాయనా, ఇన్నిటితో ఈయన ఏం తీశారో అడగండి.”

“ఊరుకో,” అన్నారు ఆయన.

“అడగండి. మా పెళ్ళి ఫోటోలు ఎవరో తీశారు. పాప పుట్టినప్పటినుంచీ ఉన్న ఫోటోలన్నీ నా పగిలిన ఫోన్లోవి. ఈయన తీసేది ఇదిగో, దీన్ని.” గది మధ్యగోడ మీద పాత న్యూస్‌పేపర్ అతికించి ఉంది, నాలుగు మూలలా టేపు వేసి. “కొత్త లెన్సు వచ్చినప్పుడల్లా ఈ పేపరునే తీస్తారు. అక్షరాలు స్పష్టంగా పడ్డాయా లేదా అని. దాంట్లో వార్త ఏంటని అడగండి, అది కూడా తెలీదు.”

షాపాయన ఈసారి నవ్వు ఆపుకోలేకపోయాడు. “అన్ని లెన్సులూ ఒక్క పేపరుకేనా సార్?”

“పాపని కూడా తీశారు ఒకసారి,” అన్నాను. ఆపాల్సింది. ఆపలేదు. “ముచ్చటపడి దగ్గరికెళ్ళి చూశాను. దాని కనురెప్ప వెంట్రుక ఒక్కటే తెరమీద పెద్దది చేసి చూసుకుంటున్నారు. పదును లేదు, అన్నారు. కొట్టేశారు. ఫోటో మొత్తం కొట్టేశారు. నా బిడ్డ మొహం దాంట్లో నవ్వుతోంది కూడా.”

షాపాయన నవ్వు ఆగిపోయింది. మనుషులు నేల చూపులు చూస్తున్నారు.

“మీరు ఫోటోగ్రాఫరు కారు,” అన్నాను. “గోడౌను కాపలావాళ్ళు.”

మిషన్ గుయ్యిమంటోంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చేతిలో ఉన్న లెన్సుకి మూత పెట్టారు. పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు.

“అన్నీ తీసుకెళ్ళు,” అన్నారు షాపాయనతో.

“సార్?”

“అన్నీ. ధర నీ ఇష్టం.”

“కోపంలో కాదు సార్, నిదానంగా రేపు...”

“ఇప్పుడు తీసుకెళ్తే తీసుకెళ్ళు. లేకపోతే మళ్ళీ నా గుమ్మం ఎక్కకు.”

నేను గెలిచాననుకున్నాను.

ఆయన ఒక్కోదాన్నీ తనే దించారు. మెత్తటి గుడ్డలో చుట్టి, తేమ పీల్చే చిన్న పొట్లం పక్కన పెట్టి, దేని పెట్టెలో దాన్ని. ఒక్క పెట్టె కూడా తారుమారు కాలేదు. ఎవర్నీ చేయి వేయనివ్వలేదు. నీళ్ళు పోసి బిడ్డని తువ్వాల్లో చుట్టేవాళ్ళు అలా చుడతారు. పిచ్చుకకి ఆయన ఒక్కసారి కూడా నీళ్ళు పోయలేదు.

మనుషులు మోస్తూనే ఉన్నారు. అరలు ఖాళీ అయ్యేకొద్దీ ఆయన నడుము వంగిపోతున్నట్టు అనిపించింది. ఒకసారి జాలి కూడా వేసింది. వేసినదాన్ని అణుచుకున్నాను. అత్తయ్య వచ్చి, “ఒకటన్నా ఉంచుకోరా నాన్నా, చేతికి,” అంది.

“నీ కోడల్ని అడుగు,” అన్నారు. “ఆవిడ ఉంచమంటే ఉంచుతా.”

అందరూ నావైపు చూశారు. ఒక్కటి ఉంచుకోండి అనొచ్చు. నోటిదాకా వచ్చింది. ఒకటి ఉంటే దానికి జత వస్తుంది, జతకి ఒక సంచి వస్తుంది. నాకు తెలుసు.

“వద్దు,” అన్నాను.

పిచ్చుకని అత్తయ్య చేతికిచ్చి పడకగదిలోకి వెళ్ళాను. దాని చిన్న పరుపు విదిలించాను. ఉతికిన దుప్పటి వెతికాను. దేన్ని ముట్టుకున్నా కాస్త తడిగానే ఉంది. ఫరవాలేదు, ఆ గదిలో వేస్తే గంటలో ఆరిపోతాయి అనుకున్నాను. నాకు పాట కూడా వచ్చింది నోట్లోకి. ఎన్నాళ్ళకో.

పరుపు నెత్తిన పెట్టుకుని తిరిగొస్తుంటే ఏదో తేడాగా ఉంది. ఏంటో తెలియలేదు. ఇంట్లో ఎవరో లేనట్టు.

గుయ్యిమనే శబ్దం లేదు.

గది ఖాళీగా ఉంది. గోడమీద న్యూస్‌పేపర్, కింద ఒట్టి బకెట్టు. మిషన్ ఉండే చోట నేలమీద నలుచదరంగా దుమ్ములేని మచ్చ.

“మిషన్ ఏదండీ?”

“ఇచ్చేశాను.”

“ఎందుకు?”

“లెన్సులు లేని గదికి మిషన్ దేనికి?” అన్నారు ఆయన. కోపం లేదు గొంతులో. షాపులో కళ్ళద్దాల కొలత చెప్పినట్టు చెప్పారు. “ఒక్కటీ వద్దన్నావుగా.”

పరుపు అక్కడే పడేసి మెట్లు దిగి పరిగెత్తాను. వ్యాను కదలబోతోంది. మిషన్ వెనకాల తాడుతో కట్టి ఉంది, దానిమీద పట్టా కప్పుతున్నారు.

“అది దించండి అన్నా. అది మాకు కావాలి. పాపకి.”

షాపాయన ఇబ్బందిగా చూశాడు. “సార్ తన చేత్తో మోసుకొచ్చి పెట్టారమ్మా. సార్ ఒక్క మాట అంటే దించేస్తా. నాకెందుకు ఇది?”

ఇద్దరం తలెత్తి పైకి చూశాం. ఆయన పిట్టగోడ దగ్గర నుంచుని ఉన్నారు. వాన చినుకులు మొహం మీద పడుతున్నా తుడుచుకోవడం లేదు.

“సార్, దించమంటారా?” షాపాయన అరిచాడు.

ఆయనకి వినపడింది. నాకు తెలుసు, వినపడింది. నన్ను చూస్తూనే నుంచున్నారు. ఆ తర్వాత వెనక్కి తిరిగి లోపలికెళ్ళిపోయారు.

నేను వ్యాను తాడు పట్టుకున్నాను. షాపాయన నా వేళ్ళవైపు చూసి, “వద్దమ్మా, వీధిలో అందరూ చూస్తున్నారు,” అన్నాడు మెల్లగా. వదిలేశాను.

పైకొచ్చేసరికి అత్తయ్య ఆయన్ని సముదాయిస్తోంది. “పోనీలే, ఇచ్చావు ఇచ్చావు. రేపు అలాంటిదే ఇంకోటి కొను.”

“నేను కొనడం మానేశానుగా అమ్మా. ఆవిడే మాన్పించింది.”

“దాని మీద కోపానికి పిల్లనెందుకురా కష్టపెట్టడం?”

“పిల్లకి గది కావాలంది. గది ఇచ్చాను. ఇంకేం చేయను?”

గదిలో పరుపు వేశాను. పిచ్చుకని పడుకోబెట్టాను. కిటికీ అద్దం మీద అప్పుడే ఆవిరి పట్టింది. మేం చూస్తుండగానే అది బొట్టుగా మారి, చెక్కమీదికి జారింది. సాయంత్రానికల్లా దుప్పటి అంచు పట్టుకుంటే చల్లగా తగిలింది. పిచ్చుక లేచి కూర్చుంది. ఊపిరి తీసినప్పుడల్లా పిల్లనగ్రోవి ఊదినట్టు సన్నగా శబ్దం. దాని పెదాల రంగు చూశాను. మళ్ళీ చూశాను. దీపం వేసి మళ్ళీ చూశాను.

“నువ్వే చెప్పు,” అంది అత్తయ్య గుమ్మంలోంచి. “పుట్టింటికి వెళ్తానంటావా, మీ అమ్మే మీ అన్న ఇంట్లో వరండాలో పడుకుంటోంది. ఈ పూటకి పొడి ఇల్లెక్కడుంది మనకి?”

వదిన అప్పటిదాకా కుర్చీలోంచి కదల్లేదు. మంచినీళ్ళు కూడా అడగలేదు. ఇంతమంది అరుచుకుంటున్నా, మోస్తున్నా, నడుస్తున్నా, ఒళ్ళో బ్యాగుతో అలాగే కూర్చుంది. ఆమెకి తెలుసు. పొద్దున్నుంచీ తెలుసు.

నేను వెళ్ళి ఆ బ్యాగు తీసుకున్నాను. పిచ్చుక గౌన్లు పెట్టాను. మందు సీసా, చెంచా, తలకి రాసే నూనె పెట్టాను. మేజోడు ఒకటి దొరకలేదు. దొరికింది. ఇంకా ఏం పెట్టాలో గుర్తుచేసుకుంటూ నుంచున్నాను.

“చాల్లే,” అంది వదిన. “మిగతావి నేను కొంటాను.”

“వదినా, నేనూ వస్తాను. వంటింట్లో ఓ మూల పడుకుంటాను. రాత్రుళ్ళు దగ్గొస్తే దాన్ని బోర్లా వేసుకుని వీపు తట్టాలి. లేకపోతే ఊరుకోదు.”

వదిన లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

“పాపకే చోటుంది.”

“వదినా, పొద్దున ఏదో నోరుజారి...”

“ఎత్తుకోవడం నాకు తెలీదన్నావుగా. నువ్వు పక్కనుంటే ఎప్పటికి నేర్చుకుంటాను?” చేతులు చాచింది. “ఇటివ్వు.”

ఆయన బాల్కనీలో అటు తిరిగి నుంచున్నారు. వీపే కనిపిస్తోంది. పిలిచాను. “ఏమండీ.” మళ్ళీ పిలిచాను. ఆ వీపు కదల్లేదు.

పిచ్చుక రెండు చేతులూ నా మెడచుట్టూ వేసి పట్టుకుంది. ఏడవడానికి దానికి ఊపిరి చాలడంలేదు. అందుకని పట్టు బిగించింది. అంత బలం ఆ వేళ్ళకెక్కడిదో.

ఒక్కో వేలూ నేనే విడదీశాను.

వదిన దాన్ని తప్పుగానే ఎత్తుకుంది. తల భుజం మీదికి రానివ్వకుండా, అడ్డంగా, పసిగుడ్డుని పట్టుకున్నట్టు. చెప్పబోయి మానేశాను. ఆమె సర్దుకుంది. రెండో మెట్టు దగ్గర ఒకసారి, మలుపులో ఇంకోసారి. మూడోసారికి పిచ్చుక తల సరిగ్గా ఆమె మెడ వంపులో ఆనింది. దగ్గు తగ్గి, సన్నగా ఏడుపు మొదలైంది.

“ఊరుకో నా తల్లీ, ఊరుకో,” అంటోంది వదిన, వీపు తడుతూ, కింది మెట్ల మీద, నాకు వినపడేంత గట్టిగా. “ఎందుకేడుస్తావు? అమ్మ దగ్గరే ఉన్నావుగా.”

పిచ్చుక ఏడుపు ఆపింది.

నేనింకా పై మెట్టు మీదే నుంచున్నాను.